కుర్చీ చెప్పే చరిత్ర: ఇంగ్లిషు హాల్ చైర్, విశాఖ దంతపు కుర్చీ



చరిత్ర అనగానే మనకు శాసనాలు, కోటలు, యుద్ధాలు, రాజుల పేర్లు గుర్తుకు వస్తాయి. కాని ఇంట్లో, బడిలో, ఆఫీసులో మనం రోజూ వాడే మామూలు వస్తువులు కూడా చరిత్రకు ఆధారాలే. అలాంటి వస్తువుల్లో కుర్చీ ఒకటి. ఒక కాలపు కుర్చీని జాగ్రత్తగా పరిశీలిస్తే, ఆ కాలంలో ఎవరు ఎవరి ముందు కూర్చోగలిగారో, ఎవరు నిలబడవలసి వచ్చిందో, ఎవరు ఎక్కడ ఎదురుచూడవలసి వచ్చిందో తెలుస్తుంది.

దీనికి మన భాషే సాక్ష్యం. ఒక విషయానికి ప్రాధాన్యం ఇస్తే 'పెద్దపీట వేశారు' అంటాం. అధికారంలోకి వచ్చినవారిని 'గద్దెనెక్కారు' అంటాం. పదవిని వదలనివారిని 'కుర్చీ పట్టుకుని వేలాడుతున్నారు' అంటాం. పీట, గద్దె, కుర్చీ మూడూ కూర్చునే వస్తువుల పేర్లే. మూడూ అధికారానికి మారుపేర్లు అయ్యాయి.

ఈ పాఠంలో మనం మొదట ఇంగ్లండులోని ఒక విచిత్రమైన కుర్చీ గురించి తెలుసుకుందాం. దాని పేరు హాల్ చైర్. తరువాత మన తెలుగు నేల మీదకు వచ్చి, విశాఖపట్నంలో తయారై బ్రిటిష్ రాజభవనం దాకా వెళ్లిన దంతపు కుర్చీలను, హైదరాబాదు దర్బారులో కుర్చీ చుట్టూ నడిచిన వివాదాన్ని పరిశీలిద్దాం. చివరికి ఈ కథ మన రాజ్యాంగం దాకా ఎలా వస్తుందో చూద్దాం.

హాల్ చైర్ అంటే ఏమిటి?

18వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక పెద్ద జమీందారు భవంతిని ఊహించుకోండి. ముఖద్వారం దాటగానే ఎత్తైన పైకప్పు, రాతి నేల ఉన్న విశాలమైన గది వస్తుంది. అదే హాలు. ఆ హాలు గోడల వెంబడి ఒకే రకం చెక్క కుర్చీలు వరుసగా పెట్టి ఉండేవి. వాటినే హాల్ చైర్లు అనేవారు.

ఈ కుర్చీలకు కొన్ని ప్రత్యేక లక్షణాలు ఉన్నాయి. మొదటిది, సీటు మీద దూదిగాని, గుడ్డగాని, తోలుగాని ఉండవు. అంతా గట్టి చెక్కే. సీటు మధ్యలో మాత్రం కొన్నింటికి పళ్లెంలా కొద్దిగా లోతు చేసేవారు. రెండవది, సాధారణంగా వీటికి చేతులు ఉండవు. మూడవది, ముఖ్యమైనది, వీపు ఆనించే పలక. దాని మధ్యలో ఇంటి యజమాని వంశచిహ్నాన్ని రంగులతో వేయించేవారు, లేదా చెక్కించేవారు. కొన్నింటిలో ఆ పలకను గవ్వ ఆకారంలోనో, డాలు ఆకారంలోనో మలిచేవారు.

ఇంత శ్రద్ధగా చేసిన కుర్చీలో కూర్చునేది ఎవరు? యజమాని కాదు. అతని కుటుంబం కాదు. సమాన హోదా ఉన్న అతిథులు కూడా కాదు. వారిని నౌకర్లు నేరుగా లోపలి గదుల్లోకి తీసుకువెళ్లేవారు. అక్కడ పట్టు గుడ్డ వేసిన మెత్తని కుర్చీలు ఉండేవి. హాల్ చైర్ మీద కూర్చునేది ఉత్తరం తెచ్చిన మనిషి, బాకీ కోసం వచ్చిన వర్తకుడు, వినతిపత్రం పట్టుకుని వచ్చిన కౌలుదారు, పిలుపు కోసం కాచుకుని ఉన్న నౌకరు. ప్రసిద్ధ ఇంగ్లిషు డిజైనరు థామస్ షెరటన్ 1803లో ప్రచురించిన తన నిఘంటువులో ఈ మాటను దాపరికం లేకుండా చెప్పాడు. నౌకర్లూ, పనిమీద వచ్చిన అపరిచితులూ కూర్చోవడానికి హాలులో వేసే కుర్చీలే హాల్ చైర్లని ఆయన నిర్వచనం.

ఇక్కడే ఈ కుర్చీలోని విచిత్రం కనిపిస్తుంది. దాని అందం యజమానిది. దాని గట్టిదనం వచ్చినవాడిది.

ఈ రూపం ఎలా వచ్చింది?

హాల్ చైర్ పూర్వీకుడు ఇటలీలో ఉన్నాడు. 16వ శతాబ్దంలో ఇటలీ సంపన్నుల భవనాల్లో 'స్గబెల్లో' అనే చెక్క ఆసనం ఉండేది. దాని వీపు పలక మీద కూడా కుటుంబ చిహ్నం చెక్కేవారు. 17వ శతాబ్దం మొదటి భాగంలో ఇటలీ కళల మీద మోజు పెరిగిన ఇంగ్లిషు ప్రభువర్గం ఈ రూపాన్ని తమ ఇళ్లకు తెచ్చుకుంది. 18వ శతాబ్దంలో విలియం కెంట్ వంటి డిజైనర్లు భవంతి హాలుకు తగినట్లు బరువైన చెక్క ఆసనాలను రూపొందించారు. థామస్ చిపెండేల్ 1754లో మొదట ప్రచురించిన తన నమూనాల పుస్తకం మూడవ కూర్పులో, అంటే 1762లో, హాల్ చైర్ల నమూనాలను చేర్చాడు. వీటిని మహాగనితోగాని, మరో కలపతో చేసి రంగు వేసిగాని తయారు చేయవచ్చనీ, సీటు సాధారణంగా చెక్కదే ఉంటుందనీ ఆయన సూచించాడు.

ఇంగ్లండు ఇళ్లలో హాలు పాత్ర మారడం ఈ కుర్చీకి దారి చేసింది. మధ్యయుగంలో హాలు అంటే ప్రభువు, అతని బంధువులు, నౌకర్లు అందరూ ఒకే కప్పు కింద భోజనం చేసే చోటు. ప్రభువు ఎత్తైన వేదిక మీద కూర్చున్నా, మిగిలినవారు అదే గదిలో ఉండేవారు. తరువాతి శతాబ్దాల్లో యజమానులు క్రమంగా విడి గదుల్లోకి జరిగారు. హాలు కేవలం ప్రవేశద్వారంగా మిగిలింది. అందరూ కలిసే చోటు కాస్తా మనుషులను వడపోసే చోటుగా మారింది. ఎవరు లోపలికి వెళ్లాలి, ఎవరు హాలులోనే ఆగాలి అనేది అక్కడే తేలేది. ఆగినవారి కోసం పుట్టిన కుర్చీయే హాల్ చైర్.

సీటు మెత్తగా లేకపోవడానికి ఆచరణలో ఒక కారణం ఉంది. వర్షంలో తడిసి, బురద బాటల మీద గుర్రమెక్కి వచ్చినవాడు పట్టు గుడ్డ మీద కూర్చుంటే అది పాడైపోతుంది. చెక్కనైతే తుడిచేయవచ్చు. ఇది నిజమే. కాని మరో కారణం కూడా గమనించాలి. అలాంటి కుర్చీలో ఎవరూ హాయిగా చేరగిలబడి కూర్చోలేరు. వెన్ను నిటారుగా పెట్టి, కాళ్లు దగ్గరగా చేర్చి, పిలుపు కోసం ఎదురు చూస్తూ కూర్చోవలసిందే. అంటే ఆ కుర్చీ మనిషి శరీరానికే వినయం నేర్పేది.

వంశచిహ్నం, పన్ను, మహాగని

వీపు పలక మీద వంశచిహ్నం ఎందుకు? లోపలికి అడుగుపెట్టినవాడు యజమానిని చూడకముందే అతని హోదాను చూడాలి. కుర్చీలో ఎవరూ లేనప్పుడు ఆ చిహ్నం పూర్తిగా కనిపిస్తుంది. ఎవరైనా కూర్చుంటే వెనక దాగిపోతుంది. అందువల్ల హాల్ చైర్ ఖాళీగా ఉన్నప్పుడే తన అసలు పని చేస్తుందని చెప్పవచ్చు.

ఈ చిహ్నాల మోజు ఎంత విస్తరించిందంటే, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆదాయ వనరుగా గుర్తించింది. ఫ్రాన్సుతో యుద్ధం ఖర్చులు పెరిగిన రోజుల్లో, 1798లో, వంశచిహ్నాలు వాడుకునేవారి మీద పన్ను విధించారు. ఆ పన్ను 1944 వరకు కొనసాగింది. పాత ప్రభువులే కాదు, వ్యాపారంలో కొత్తగా ధనం సంపాదించినవారు కూడా చిహ్నాలు సంపాదించుకుని హాలులో కుర్చీలు వేయించుకున్నారు. హోదా లేనివాడు హోదాను కొనుక్కునే మార్గాల్లో కుర్చీ ఒకటి అయింది.

ఇక కలప సంగతి. మంచి హాల్ చైర్లు చాలావరకు మహాగనితో చేసేవారు. ఈ చెట్టు ఇంగ్లండులో పెరగదు. జమైకా, హోండురస్ తీరాల నుంచి రావాలి. 1721లో బ్రిటిష్ వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తివేయడంతో దాని దిగుమతి బాగా పెరిగింది. ఆ అడవుల్లో చెట్లు నరికి, దుంగలను నదుల దాకా ఈడ్చినవారు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు. ఇంగ్లండు హాలులో తళతళలాడే కుర్చీ వెనుక ఇంత దూరపు శ్రమ ఉంది. వస్తువు చరిత్ర చదివేటప్పుడు అది ఎక్కడ ఉందో మాత్రమే కాదు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి.

మన నేల మీద ఆసనం

మరి మన దేశంలో ఏముండేది? కుర్చీ అనే మాట అరబ్బీ 'కుర్సీ' నుంచి హిందుస్తానీ ద్వారా తెలుగులోకి వచ్చింది. మాట బయటిదైనా ఎత్తైన ఆసనం మనకు కొత్త కాదు. అమరావతి స్తూపపు శిల్పాలను చూడండి. సుమారు 2 వేల ఏళ్ల కిందటి ఆ పలకల మీద వీపు ఆనించే పలకలతో, పాదపీఠాలతో ఆసనాలు కనిపిస్తాయి. కొన్ని శిల్పాల్లో బుద్ధుని రూపాన్ని చెక్కకుండా ఖాళీ ఆసనాన్ని చెక్కి, చుట్టూ నమస్కరిస్తున్న భక్తులను చూపారు. ఖాళీ ఆసనం కూడా ఒక మహనీయుని ఉనికిని తెలియజేయగలదని మన శిల్పులు ఎంతో ముందుగానే గ్రహించారు.

అయితే సామాన్యుల ఇళ్లలో చాప, పీట, మంచం, అరుగు ఇవే ఆసనాలు. దర్బారుల్లో రాజు గద్దె మీద, మిగిలినవారు తివాచీ మీద కూర్చునేవారు. హోదా తేడా లేదని కాదు. ఆ తేడాను ఎత్తుతో, రాజుకు ఎంత దగ్గరగా కూర్చున్నారన్న దానితో, ఎవరు కూర్చున్నారు ఎవరు నిలుచున్నారన్న దానితో చూపించేవారు. కుర్చీ మన ప్రజాజీవితంలో విరివిగా కనిపించడం యూరోపియన్ వర్తకులు వచ్చిన తరువాతే. ఆ కథలో ముఖ్యమైన ఘట్టం విశాఖపట్నానిది.

విశాఖపట్నం దంతపు కుర్చీలు

మీలో రాయ్‌పూర్ శంకర్ నగర్ వంటి చోట్ల చదువుకుంటున్నవారికి విశాఖపట్నం ఒక రాత్రి రైలు ప్రయాణం. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి వేసిన రైలుమార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. మధ్య భారతపు సరుకు సముద్రం చేరడానికి అది దారి అయింది. కాని అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఈస్టిండియా కంపెనీ ఆ ఊరి విలువ గుర్తించింది. 1682లో అక్కడ వర్తక స్థావరం ఏర్పాటు చేసుకుంది.

కంపెనీ ఉద్యోగులు ముఖ్యంగా వచ్చింది బట్టల కోసం. కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలకు యూరపులో గొప్ప గిరాకీ ఉండేది. ఇక్కడ స్థిరపడిన ఉద్యోగులకు తమ దేశపు పద్ధతిలో బల్లలు, బీరువాలు, కుర్చీలు కావలసి వచ్చాయి. ఇంగ్లండు నుంచి తెచ్చిన నమూనా కుర్చీని స్థానిక వడ్రంగుల ముందు పెట్టేవారు. కంసాలి వృత్తికి చెందిన ఆ పనివారు దాని కొలతలు పట్టి, అలాంటిదే చేసి ఇచ్చేవారు. కాని నకలు చేసి ఊరుకోలేదు. టేకు, రోజ్‌వుడ్, ఎబొనీ వంటి కలపలో ఏనుగు దంతం ముక్కలు పొదిగారు. ఆ దంతం మీద సన్నని గీతలతో పూలు, తీగలు చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపారు. ఆ పూలతీగలను గమనిస్తే అవి ఈ తీరపు అద్దకపు వస్త్రాల అంచులను గుర్తుకు తెస్తాయి. కుర్చీ ఆకారం ఇంగ్లండుది. దాని ఒంటి మీది అలంకారం మన తీరానిది.

1756లో విశాఖను చూసిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి, ఆ ఊరి పొదుగుడు పని ఎంతో నేర్పుతో కూడినదని మెచ్చుకుంటూ రాశాడు. 18వ శతాబ్దం రెండవ సగం నాటికి ఈ పని మరో మెట్టు ఎక్కింది. పొదగడం స్థానంలో, కలప కనిపించకుండా పైన అంతటా పలచటి దంతపు రేకులు అతికించడం మొదలుపెట్టారు. దూరం నుంచి చూస్తే వస్తువంతా దంతంతోనే చేసినట్లు కనిపించేది.

ఈ కుర్చీల సీట్లు చాలావరకు పేముతో అల్లినవి. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన తీరానికి దూది మెత్తలు సరిపోవు. పేము అల్లికలో గాలి ఆడుతుంది. ఈ అల్లిక కూడా ఆసియా నుంచి 17వ శతాబ్దంలో ఇంగ్లండు వెళ్లి, లండను కుర్చీల్లో ఒక ఫ్యాషనుగా మారి, మళ్లీ ఇంగ్లిషు నమూనా రూపంలో మన దేశానికి వచ్చింది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ పోవడంలో ఏది స్వదేశీయం, ఏది విదేశీయం అని గీత గీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

విశాఖ కుర్చీలు హాల్ చైర్లు కావు. ఇవి లోపలి గదుల్లో వేసుకునేవి. కాని వీటి పని కూడా హోదాను చాటడమే. కంపెనీ ఉద్యోగంలో సొంత వ్యాపారం చేసి ధనవంతులై తిరిగివెళ్లినవారిని ఇంగ్లండులో ఎగతాళిగా 'నవాబులు' అనేవారు. వారు అక్కడ ఎస్టేట్లు కొన్నారు, భవంతులు కట్టారు. తాము తూర్పు దేశాల్లో ఎంత సంపాదించారో చెప్పడానికి దంతపు కుర్చీకి మించిన సాక్ష్యం వారికి దొరకలేదు.

1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు ఆసనాలు ఉండేవి. ఆయన మరణం తరువాత 1781లో జరిగిన వేలంలో బ్రిటిష్ రాజు మూడవ జార్జి వాటిని తన భార్య షార్లెట్ రాణి కోసం కొన్నాడు. ఆ విధంగా విశాఖ పనివారి చేతిపని రాజభవనంలో అడుగుపెట్టింది. నేటికీ బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలోను, లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోను విశాఖ దంతపు సామాను ఉంది.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఆ ఆసనాలను కొన్న రాజు పేరు, రాణి పేరు, అమ్మకానికి వచ్చిన గవర్నరు పేరు, వేలం జరిగిన సంవత్సరం అన్నీ రికార్డుల్లో ఉన్నాయి. వాటిని చేసినవారి పేర్లు మాత్రం వాటి మీద లేవు. కంపెనీ అధికారి ముందు ఆ పనివాడు నిలబడే మాట్లాడాలి. తాను చేసిన కుర్చీలో తాను కూర్చునే హక్కు అతనికి లేదు.

ఏనుగు దంతం గురించి కూడా ఒక మాట. ఈ వైభవానికి వెల చెల్లించింది ఏనుగులు. 1989లో ప్రపంచ దేశాల ఒప్పందం ద్వారా దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. భారతదేశంలో దంతపు వ్యాపారం చట్టవిరుద్ధం. బ్రిటన్‌లో 2018లో చేసిన దంతపు చట్టం 2022లో అమలులోకి వచ్చింది. పాత దంతపు వస్తువుల అమ్మకం మీద కూడా అది కఠినమైన పరిమితులు పెట్టింది. ఒకనాటి హోదా గుర్తు నేడు చట్టం జాగ్రత్తగా పరిశీలించే వస్తువు అయింది.

హైదరాబాదు దర్బారు: 1869

విశాఖలో కుర్చీ ఒక వస్తువు. హైదరాబాదుకు వచ్చేసరికి అది రాజకీయ సమస్య అయింది.

అసఫ్‌జాహీ దర్బారులో నిజాం 'మసనదు' అనే గద్దె మీద ఆసీనుడయ్యేవాడు. ప్రముఖులు పాదరక్షలు విడిచి, తివాచీ మీద కూర్చునేవారు. అది అవమానం కాదు. అక్కడి మర్యాద. హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెంటు, అతని అధికారులు కూడా చాలాకాలం ఈ మర్యాదనే పాటించారు. బూట్లు విప్పి కిందే కూర్చున్నారు.

1857 తిరుగుబాటు తరువాత పరిస్థితి మారింది. పాలన కంపెనీ నుంచి నేరుగా బ్రిటిష్ రాణి చేతికి వెళ్లింది. తాము అతిథులం కాదు, సార్వభౌములం అన్న భావం అధికారుల్లో బలపడింది. అదే మర్యాద వారికి ఇప్పుడు తలవంపుగా తోచింది. 1869 ఫిబ్రవరిలో నిజాం అఫ్జలుద్దౌలా మరణించాడు. ఆయన కుమారుడు మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టే సందర్భంలో రెసిడెంటు సాండర్స్ తాము బూట్లతో వస్తామనీ, కుర్చీల మీదే కూర్చుంటామనీ పట్టుబట్టాడు. రాజ్యవ్యవహారాలు చూస్తున్న దివాను మొదటి సాలార్‌జంగ్ దానికి ఒప్పుకోక తప్పలేదు. అప్పటి నుంచి హైదరాబాదు దర్బారులో బ్రిటిష్ అధికారులకు కుర్చీలు వేయడం ఆచారమైంది.

పైకి చూస్తే ఇది ఆసనం గురించిన చిన్న పట్టుదల. కాని దర్బారులో ఉన్నవారికి దాని అర్థం వెంటనే తెలిసింది. ఒక్క సైనికుడు కదలకుండా, ఒక్క ఒప్పందం మార్చకుండా, రాజ్యంలో ఎవరు పైన ఎవరు కింద అనేది ఆ కుర్చీ తేల్చి చెప్పింది.

కూర్చునే అనుమతి

19వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం కుర్చీని ఒక బహుమతిగా కూడా వాడుకుంది. ఉత్తర భారతంలో 'కుర్సీ నషీన్' అనే గౌరవం ఉండేది. అంటే ప్రభుత్వ అధికారిని కలవడానికి వెళ్లినప్పుడు అతని ఎదుట కుర్చీలో కూర్చునే అర్హత. దీనికి ధ్రువపత్రాలు కూడా ఇచ్చేవారు. కొందరు భారతీయులు తమ సొంత దేశంలో కూర్చోవడానికి కాగితం పొందవలసి వచ్చింది. మిగిలిన కోట్ల మందికి ఆ కాగితం లేదు. వారు నిలబడవలసిందే.

అయితే ఈ తప్పును పరాయివారి మీదనే వేసి తప్పించుకోలేం. మన పల్లెల్లో ఇంగ్లిషువాడు అడుగు పెట్టకముందే ఇలాంటి నియమాలు ఉన్నాయి. అగ్రకులాలవారు, భూస్వాములు ఎదురుగా ఉంటే దళితులు మంచం మీద కూర్చోరాదు, చెప్పులు వేసుకుని నడవరాదు. డాక్టర్ అంబేడ్కర్ చిన్నతనంలో బడిలో కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోవలసి వచ్చింది. ఆ గోనెపట్టాను బడి నౌకరు కూడా తాకేవాడు కాదు. ఇంగ్లండు హాలులో వచ్చినవాడికి గట్టి చెక్క కుర్చీ అయినా ఇచ్చారు. మన దగ్గర చాలామందికి అదీ లేదు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ దొంతరల మీద దెబ్బ కొట్టింది. చట్టం ముందు అందరూ సమానమని 14వ అధికరణం చెప్పింది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చిన తరువాత పంచాయతీల్లో దళితులకు, గిరిజనులకు, మహిళలకు పదవులు రిజర్వు అయ్యాయి.

కాని చట్టం వచ్చినంత వేగంగా అలవాటు పోదు. 2020లో తమిళనాడులోని కడలూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని సమావేశంలో నేల మీద కూర్చోబెట్టి, మిగిలిన సభ్యులు కుర్చీల్లో కూర్చున్న ఫొటో దేశమంతా చూసింది. పదవి ఆమెది. కుర్చీ మాత్రం ఆమెకు ఇవ్వలేదు. బట్టల దుకాణాల్లో పదేసి గంటలు నిలబడి పనిచేసే అమ్మాయిలు కూర్చునే హక్కు కోసం కేరళలో పోరాడవలసి వచ్చింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ చట్టాలను సవరించి, దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని నిర్దేశించాయి. 21వ శతాబ్దంలో కూడా ఒక స్టూలు కోసం చట్టం కావలసి వచ్చిందంటే, ఈ పాఠం పాతకాలపు చెక్కసామాను గురించి మాత్రమే కాదని మీకు అర్థమై ఉంటుంది.

రెసిడెన్సీ మెట్లు

హైదరాబాదు కోఠిలో రెసిడెంటు నివసించిన భవనం ఇప్పటికీ ఉంది. జేమ్స్ అకిలెస్ కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో దాన్ని కట్టించాడు. ముందు పెద్ద మెట్ల వరుస, ఇరుపక్కల సింహాల విగ్రహాలు, ఎత్తైన స్తంభాలు, లోపల విశాలమైన దర్బారు హాలు. వచ్చినవాడు తన చిన్నదనాన్ని తెలుసుకునేలా చేయడమే ఆ కట్టడం ఉద్దేశం. ఒక రకంగా అది భవనమంత హాల్ చైర్.

1949లో ఆ ప్రాంగణంలోకి మహిళా కళాశాల వచ్చింది. కోఠి మహిళా కళాశాలగా పేరు పొందిన ఆ సంస్థ 2022లో విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ పాలకుర్తిలో తన పొలం కోసం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మహిళ. దొరల గడీల ముందు నిలబడటానికే జనం భయపడిన రోజుల్లో ఆమె వెనుకడుగు వేయలేదు. రెసిడెంటు నివసించిన ప్రాంగణంలో నేడు వేలమంది అమ్మాయిలు తమ తమ కుర్చీల్లో కూర్చుని చదువుకుంటున్నారు. ఆ కుర్చీల మీద ఎవరి వంశచిహ్నమూ లేదు.

వస్తువును ఎలా చదవాలి?

విద్యార్థులారా! మీరు మ్యూజియంకు వెళ్లినప్పుడు పాత కుర్చీలను చూస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని చెప్పే దంతపు కుర్చీలు ఉన్నాయి. వాటిని చూసి 'ఎంత అందంగా ఉన్నాయి' అని ఆగిపోకండి. నాలుగు ప్రశ్నలు వేయండి. దీన్ని ఎవరు చేశారు? దేనితో చేశారు, అది ఎక్కడి నుంచి వచ్చింది? ఇందులో ఎవరు కూర్చున్నారు? అప్పుడు ఎదురుగా ఎవరు నిలబడ్డారు?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు ఒక్కోసారి పక్కనున్న చీటీ మీద దొరుకుతుంది. నాలుగవ ప్రశ్నకు జవాబు చీటీ మీద ఉండదు. దాన్ని వెతకడమే చరిత్ర విద్యార్థి పని.

మ్యూజియం దాకా వెళ్లనవసరం కూడా లేదు. మీ ఊరి ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లండి. లోపల అధికారి వెనుక తువాలు కప్పిన ఎత్తైన కుర్చీ ఉంటుంది. ఎదుట వచ్చినవారి కోసం తక్కువ ఎత్తు కుర్చీలు ఉంటాయి. గది బయట బంట్రోతు స్టూలు ఉంటుంది. వరండాలో గోడకు ఆనించి జనం కోసం గట్టి చెక్కబల్ల ఉంటుంది. ఈ నాలుగు ఆసనాలను చూస్తే, 18వ శతాబ్దపు ఇంగ్లిషు హాలు ఎంత దగ్గరలో ఉందో మీకే తెలుస్తుంది.

కుర్చీని మనిషి చేశాడు. దానిలో ఎవరు కూర్చోవాలనే నియమాన్ని కూడా మనిషే చేశాడు. మనిషి చేసిన నియమాన్ని మనిషి మార్చగలడు. మన రాజ్యాంగం ఆ మార్పును మొదలుపెట్టింది. దాన్ని పూర్తిచేయడం మీ తరం చేతుల్లో ఉంది.

ఆలోచించండి, చర్చించండి

1. హాల్ చైర్ సీటుకు మెత్త లేకపోవడానికి రెండు కారణాలు రాయండి. వాటిలో ఏది బలమైనదని మీరు భావిస్తారు? ఎందుకు?

2. విశాఖపట్నం దంతపు కుర్చీల్లో ఇంగ్లిషు లక్షణాలేవి? స్థానిక లక్షణాలేవి?

3. దర్బారులో కింద కూర్చోవడం హైదరాబాదు ప్రముఖులకు మర్యాదగా, 1869 నాటి బ్రిటిష్ అధికారులకు అవమానంగా ఎందుకు తోచింది?

4. మీ బడిలోగాని, మీ ఊరి కార్యాలయంలోగాని ఉన్న ఆసనాలను పరిశీలించి, ఏ ఆసనం ఎవరి కోసం ఉందో ఒక పట్టిక తయారు చేయండి. కూర్చోవడానికి ఏ ఆసనమూ లేనివారు ఎవరో ఆ పట్టిక చివర రాయండి.